సముద్రం గీసిన గీత, కంప్యూటర్ గీసే గీత

విశాఖపట్నం రేవులోకి పెద్ద ఓడ ఏ వేళకు రావాలో నిర్ణయించేది ఎవరు? రేవు అధికారులు అంటారు మీరు. నిజమే. కాని వారి వెనుక మరొకరు ఉన్నారు. ఆయన చంద్రుడు!

ఉక్కు కర్మాగారంలో బ్లాస్ట్ ఫర్నేసు మండాలంటే కోకింగ్ బొగ్గు కావాలి. అది చాలావరకు విదేశాల నుంచి ఓడలలో వస్తుంది. నిండా సరుకు ఉన్న ఓడ నీటిలోకి ఎన్నో మీటర్ల లోతు దిగి ఉంటుంది. దాని అడుగు నేలకు తగలకుండా ఉండాలంటే కాలువలో చాలినంత నీరు ఉండాలి. ఆ నీరు రోజంతా ఒకేలా ఉండదు. చంద్రుడి ఆకర్షణ వల్ల సముద్రం పొంగుతుంది, తగ్గుతుంది. పొంగడాన్ని పోటు అనీ, తగ్గడాన్ని ఆటు అనీ అంటాం. అందుకే లోతు తక్కువ చోట పెద్ద ఓడలు పోటు వేళ కోసం కాచుకుంటాయి.

విశాఖలో రోజుకు రెండు పోట్లు, రెండు ఆట్లు వస్తాయి. ఒక పోటుకూ తరువాతి పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు పడుతుంది. అందువల్ల ఈవేళ ఉదయం 9 గంటలకు పోటు వస్తే, రేపు ఉదయం సుమారు 9 గంటల 50 నిమిషాలకు వస్తుంది. అమావాస్య, పౌర్ణమి రోజుల దగ్గర పోటుకూ ఆటుకూ తేడా విశాఖలో సుమారు 1.4 మీటర్లు. అష్టమి ప్రాంతంలో అది అర మీటరు మాత్రమే.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. సముద్రం ఎప్పుడు ఎంత పొంగిందో మనకు ఎలా తెలుస్తుంది? తెలిసినదాన్ని కాగితం మీద ఎలా పెట్టాలి? కంప్యూటరుకు ఆ పని అప్పగిస్తే అది ఎలా పెడుతుంది? ఈ పాఠంలో తెలుసుకుందాం.

సముద్రం చేతికి కలం

విశాఖ ఓడరేవు 1933లో ప్రారంభమైంది. ఇక్కడి నెలవారీ సముద్రమట్టం లెక్కలు 1937 నుంచి ఉన్నాయి. ఆ కాలంలో పోటును కొలిచే యంత్రం చాలా తేలికైన ఉపాయంతో పని చేసేది. రేవులో ఒక బావి వంటి గొట్టాన్ని నిలబెడతారు. దాని అడుగున చిన్న రంధ్రం ఉంటుంది. సముద్రపు నీరు ఆ రంధ్రం గుండా నెమ్మదిగా లోపలికి వస్తుంది, పోతుంది. రంధ్రం చిన్నది కనుక పైన లేచి పడే అలల అల్లరి లోపలికి రాదు. పోటు, ఆటు మాత్రమే లోపల తెలుస్తాయి.

బావిలో నీటి మీద ఒక తెప్ప తేలుతూ ఉంటుంది. దానికి కట్టిన తీగ కప్పీ మీదుగా వచ్చి ఒక కలాన్ని కదిలిస్తుంది. కలం ముందు ఒక డ్రమ్ము, దాని చుట్టూ కాగితం ఉంటాయి. గడియారపు యంత్రం ఆ డ్రమ్మును నెమ్మదిగా తిప్పుతుంది. నీరు పెరిగితే కలం ఒకవైపు, తగ్గితే మరొకవైపు జరుగుతుంది. కాగితం మీద అందమైన వంపు గీత పడుతుంది. సముద్రం తన చరిత్రను తన చేత్తోనే రాసుకున్నట్టన్నమాట!

ఈ గీతలో ఒక విశేషం గమనించండి. కలం ఒకచోటి నుంచి మరొకచోటికి జరిగింది. ఎంత దూరం, ఏ దిక్కుకు? దూరమూ దిక్కూ రెండూ ఉన్న రాశిని గణితంలో సదిశ అంటారు. ఇంగ్లీషులో దాన్నే వెక్టర్ అంటారు. ఈ మాటను గుర్తుంచుకోండి. మన కథకు నాయకుడు ఇదే.

పదమూడు అంకెలు

ఒక పౌర్ణమి నాటి పోటును ఊహించుకుందాం. సగటు నీటిమట్టం 0.8 మీటర్లు. దానికి పైన 0.7, కింద 0.7 మీటర్లు నీరు ఊగుతున్నదనుకుందాం. ఇది విశాఖ పోటుకు దగ్గరగా ఉండేటట్లు లెక్క కోసం తీసుకున్న నమూనా మాత్రమే. అసలు పోటు కాలాలు కావలసినవారు భారత సర్వేక్షణ శాఖ ఏటేటా ప్రచురించే పట్టికలు చూసుకోవాలి.

పోటు వచ్చిన క్షణాన్ని సున్న గంట అనుకుంటే, గంట గంటకూ నీటిమట్టం మీటర్లలో ఇలా ఉంటుంది:

0వ గంట: 1.50
1వ గంట: 1.41
2వ గంట: 1.17
3వ గంట: 0.84
4వ గంట: 0.49
5వ గంట: 0.23
6వ గంట: 0.10
7వ గంట: 0.16
8వ గంట: 0.37
9వ గంట: 0.69
10వ గంట: 1.04
11వ గంట: 1.33
12వ గంట: 1.48

ఈ పదమూడు అంకెలతో గ్రాఫు గీయడం మీకు తెలిసిన పనే. అడ్డంగా కాలం, నిలువుగా నీటిమట్టం పెడతారు. బిందువులు గుర్తించి కలుపుతారు. గీసిన బొమ్మను ఇప్పుడు దూరాన ఉన్న స్నేహితుడికి ఫోనులో మాటలతోనే చెప్పాలి. ఎలా చెబుతారు?

రెండు దారులు ఉన్నాయి.

మొదటి దారి: చుక్కల లెక్క

గ్రాఫు కాగితంలోని చిన్న గడులను ఒక్కొక్కటే చెప్పడం మొదటి దారి. "మొదటి వరుస, మొదటి గడి తెలుపు. రెండో గడి తెలుపు. మూడో గడి నలుపు..." అంటూ చివరి గడి దాకా చెప్పుకుపోవాలి. వినేవాడికి తెలివి అక్కరలేదు, ఓపిక ఉంటే చాలు. కంప్యూటరులో ఇలాంటి గడిని పిక్సెల్ అంటారు. ఇలా చుక్కలతో దాచిన బొమ్మను రాస్టర్ బొమ్మ అంటారు. మీ ఫోనుతో తీసే ఫొటోలన్నీ ఇటువంటివే.

బొమ్మ వెడల్పు 640 చుక్కలు, ఎత్తు 480 చుక్కలు అనుకోండి. మొత్తం ఎన్ని? 640ని 480తో గుణిస్తే 3,07,200. రంగుల బొమ్మలో ఒక్కో చుక్కకు ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు అంకెలు కావాలి. అంటే 9,21,600 అంకెలు! దాచేటప్పుడు కంప్యూటరు వీటిని తెలివిగా కుదిస్తుంది. అయినా విప్పి చూపేటప్పుడు మాత్రం అన్ని చుక్కలూ కావలసిందే.

ఇప్పుడు బొమ్మను పది రెట్లు పెద్దది చేయండి. కొత్త చుక్కలు ఎక్కడి నుంచి వస్తాయి? రావు. ఉన్న ఒక్కో చుక్కే పదింటికి పది, అంటే వంద చుక్కల చతురస్రంగా ఉబ్బుతుంది. నున్నగా ఉన్న వంపు గీత మెట్ల వరుసలా కనిపిస్తుంది. కొన్ని కంప్యూటర్లు ఆ మెట్లను కప్పిపుచ్చడానికి రంగులు కలుపుతాయి. అప్పుడు మెట్లు పోయి మసక వస్తుంది.

రెండో దారి: కలానికి ఆజ్ఞలు

రెండో దారిలో గడుల మాటే ఎత్తరు. కలం ఎటు కదలాలో చెబుతారు. రెండే ఆజ్ఞలు చాలు. "కదులు" అంటే కలం పైకెత్తి ఆ చోటికి వెళ్లు అని. "గీయి" అంటే కలం ఆనించి అక్కడి దాకా గీత గీయి అని.

కాని ఒక చిక్కు ఉంది. సముద్రానికి మీటర్లు, గంటలు ఉన్నాయి. కాగితానికి సెంటీమీటర్లే ఉన్నాయి. ముందు ఒకదాన్ని మరొకదానిలోకి మార్చాలి. గంటకు 1 సెంటీమీటరు, మీటరు నీటికి 5 సెంటీమీటర్లు అని పెట్టుకుందాం. 1.50 మీటర్ల పోటు 7.5 సెంటీమీటర్ల ఎత్తు అవుతుంది.

మరొక చిక్కు కూడా ఉంది. మన గ్రాఫులో మూలబిందువు కింద ఎడమ మూలన ఉంటుంది. కంప్యూటరు తెర మీద మాత్రం సాధారణంగా పైన ఎడమ మూలన ఉంటుంది! లెక్క పై నుంచి కిందికి దిగుతుంది, మనం నోటుపుస్తకంలో వరుసలు లెక్కపెట్టినట్టు. అందువల్ల కాగితం ఎత్తు 10 సెంటీమీటర్లు అయితే, పై అంచు నుంచి దూరం ఇలా వస్తుంది: 10 లోంచి నీటిమట్టానికి 5 రెట్లు తీసివేయాలి.

0వ గంటకు: 10 లోంచి 7.5 తీసివేస్తే 2.5.
3వ గంటకు: 10 లోంచి 4.2 తీసివేస్తే 5.8.
6వ గంటకు: 10 లోంచి 0.5 తీసివేస్తే 9.5.

పోటు పైన ఉంది, ఆటు కింద ఉంది. సరిపోయింది కదా! ఇప్పుడు ఆజ్ఞలు రాద్దాం:

కదులు 0, 2.50
గీయి 1, 2.95
గీయి 2, 4.15
గీయి 3, 5.80
గీయి 4, 7.55
గీయి 5, 8.85
గీయి 6, 9.50

మిగిలిన ఆరు ఆజ్ఞలూ మీరే రాయండి. మొత్తం పదమూడు వరుసలు. లక్షల అంకెలు ఎక్కడ, పదమూడు వరుసలు ఎక్కడ! ఇలా గీతల ఆజ్ఞలతో దాచిన బొమ్మే వెక్టర్ బొమ్మ.

దీన్ని పెద్దది చేయాలంటే ఏం చేయాలి? ప్రతి అంకెనూ పదితో గుణిస్తే సరి. గీయి 10, 29.5 అవుతుంది. గీత మళ్లీ కొత్తగా, స్ఫుటంగా పడుతుంది. తపాలా బిళ్లంత బొమ్మనైనా, బీచి రోడ్డు పక్కన పెట్టే పెద్ద బోర్డునైనా అవే పదమూడు వరుసలతో గీయవచ్చు.

ఇక్కడ ఒక సందేహం రావాలి మీకు. కంప్యూటరు తెర కూడా చుక్కలతోనే తయారైంది కదా, మరి గీత ఎలా వస్తుంది? మంచి ప్రశ్న. చివరకు తెర మీద పడేవి చుక్కలే. అయితే వెక్టర్ బొమ్మలో ఆ చుక్కలను ముందుగానే నిర్ణయించి దాచరు. మీరు ఎంత పరిమాణంలో చూస్తున్నారో దానికి తగ్గట్టు అప్పటికప్పుడు లెక్కకట్టి వేస్తారు. వండి చల్లార్చిన అన్నం ఒకటి, బియ్యం డబ్బా ఒకటి. అతిథులు ఎందరు వచ్చినా రెండోదానితో ఆ పూట వేడిగా వండి పెట్టవచ్చు.

గ్రాఫులు గీసే లైబ్రరీ

ప్రోగ్రాములు రాసేవారికి లైబ్రరీ అంటే పుస్తకాలయం కాదు. ఎవరో ఒకసారి కష్టపడి రాసి పెట్టిన ప్రోగ్రాముల సంపుటి. పైథాన్ అనే కంప్యూటరు భాష 1991లో వెలువడింది. ఆ భాషలో గ్రాఫులు గీయడానికి ఎక్కువమంది వాడే లైబ్రరీ పేరు మాట్‌ప్లాట్‌లిబ్. దీన్ని జాన్ హంటర్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు తయారుచేసి 2003లో విడుదల చేశాడు. ఆయన నాడీశాస్త్రంలో పరిశోధకుడు. మూర్ఛరోగుల మెదడులో పుట్టే విద్యుత్ సంకేతాలను గీతలుగా చూడవలసిన అవసరం ఆయనకు వచ్చింది. తన పని కోసం చేసుకున్న పనిముట్టును అందరికీ ఉచితంగా ఇచ్చాడు. ఆయన 2012లో మరణించాడు. లైబ్రరీని ప్రపంచంలో ఎందరో కలిసి ఇప్పటికీ పెంచుతూనే ఉన్నారు.

మన పోటు గ్రాఫును ఈ లైబ్రరీతో గీయాలంటే నాలుగే పనులు. ఒకటి, లైబ్రరీని పిలవాలి. రెండు, గంటల వరుసనూ మట్టాల వరుసనూ ఇవ్వాలి. మూడు, గీయమనాలి. నాలుగు, ఒక పేరుతో దాచమనాలి. చమత్కారమంతా ఈ నాలుగో పనిలోనే ఉంది.

పేరు చివర పి.ఎన్.జి. అని పెడితే చుక్కల బొమ్మ వస్తుంది. ఎస్.వి.జి. అనో, పి.డి.ఎఫ్. అనో పెడితే గీతల బొమ్మ వస్తుంది. ప్రోగ్రాములో మిగతా అక్షరం ఏదీ మారదు! ఇది ఎలా సాధ్యం?

మాట్‌ప్లాట్‌లిబ్ లోపల పని రెండు భాగాలుగా ఉంటుంది. మొదటి భాగం ఆలోచించే భాగం. అక్షాలు ఎక్కడ ఉండాలి, గీత ఎంత మందం, అంకెలు ఎక్కడ రాయాలి అన్నవి నిర్ణయిస్తుంది. మనం ఇందాక చేసిన మీటర్ల నుంచి సెంటీమీటర్ల మార్పు వంటిది కూడా ఇదే చేస్తుంది. రెండో భాగం గీసే చెయ్యి. ఈ చేతులు చాలా ఉన్నాయి. ఒక చెయ్యి చుక్కలు పెడుతుంది. మరొకటి ఎస్.వి.జి. ఆజ్ఞలు రాస్తుంది. ఇంకొకటి పి.డి.ఎఫ్. రాస్తుంది. పెళ్లిపందిరి నమూనా ఒకటే, కట్టేవారు వేరు అన్నట్టు.

మనం వేరే ఏమీ చెప్పకపోతే ఈ లైబ్రరీ 6.4 అంగుళాల వెడల్పు, 4.8 అంగుళాల ఎత్తు ఉన్న బొమ్మ గీస్తుంది. చుక్కల చెయ్యి అంగుళానికి 100 చుక్కలు పెడుతుంది. అందుకే 640, 480 వచ్చాయి. ఎస్.వి.జి. చెయ్యి మాత్రం అచ్చుపనివారి కొలత అయిన పాయింటును వాడుతుంది. అంగుళానికి 72 పాయింట్లు. 6.4ను 72తో గుణిస్తే 460.8, 4.8ను గుణిస్తే 345.6. ఎస్.వి.జి. బొమ్మ కొలతలు ఇవే. అక్కడ దశాంశ బిందువు ఉండటం గమనించండి. చుక్కకు సగం ఉండదు, గీతకు ఉంటుంది!

ఎస్.వి.జి. అనేది 2001లో ప్రమాణంగా స్థిరపడిన పద్ధతి. దానిలో బొమ్మ మామూలు అక్షరాలలోనే ఉంటుంది. కంప్యూటరులో దాన్ని పాఠంగా తెరిచి చదవవచ్చు. మనం "కదులు" అన్నచోట అందులో ఇంగ్లీషు అక్షరం ఎమ్ ఉంటుంది. "గీయి" అన్నచోట ఎల్ ఉంటుంది. అంతే తేడా.

గ్రాఫు మీద రాసే మాటల సంగతి ఏమిటి? దానికీ రెండు దారులు. అక్షరాల ఆకారాన్నే గీతల ఆజ్ఞలుగా మార్చి దాచడం ఒకటి. ఎక్కడ తెరిచినా ఆకారం చెడదు, కాని కంప్యూటరు దాన్ని మాటగా గుర్తించదు, వెతికితే దొరకదు. అక్షరాలను అక్షరాలుగానే దాచడం రెండోది. వెతకవచ్చు, దిద్దవచ్చు. కాని చూసేవారి కంప్యూటరులో తగిన అక్షరాల ముద్ర ఉండాలి. ఒత్తులు, గుణింతాలు ఉన్న తెలుగుకు ఈ జాగ్రత్త మరీ అవసరం.

నౌకాకేంద్రం నేర్పిన వంపు

మన పదమూడు బిందువులను తిన్నని గీతలతో కలిపాం. పెద్దది చేసి చూస్తే మూలలు కనిపిస్తాయి. అసలు సముద్రానికి మూలలు లేవు కదా! వంపును ఆజ్ఞగా ఎలా చెప్పాలి?

ఈ సమస్య ఓడలు కట్టేవారికి కంప్యూటర్ల కంటె ఎంతో ముందే ఎదురైంది. విశాఖలోని నౌకానిర్మాణ కేంద్రానికి 1941లో బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు. అక్కడ కట్టిన జలఉష అనే ఓడను 1948 మార్చి 14న ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ నీటిలోకి దింపారు. ఆ కాలంలో ఓడ పొట్ట వంపును గీయడానికి నౌకాకేంద్రాలలో పెద్ద హాలు ఉండేది. నేల మీద ఓడ గీతలను అసలు పరిమాణంలోనే గీసేవారు. పొడవైన సన్నని చెక్క బద్దను కొన్ని బిందువుల దగ్గర బరువులతో అణచిపెడతారు. మధ్యలో బద్ద తనంతట తానే నున్నగా వంగుతుంది. దాని వెంట గీస్తే వంపు వస్తుంది. ఆ బద్దను స్ప్లైన్ అనేవారు.

1960 ప్రాంతంలో ఫ్రాన్సులో కార్ల కంపెనీలలో పని చేసిన ఇద్దరు, రెనోలో పియర్ బెజియే, సిట్రోయెన్‌లో పాల్ ద కాస్టెల్జో, ఇటువంటి వంపులకు సమీకరణాలు రూపొందించారు. ఒక వంపు ముక్కకు నాలుగు బిందువులు చాలు. మొదలు, చివర, వంపును లాగే రెండు బిందువులు. ఈ రోజు ఎస్.వి.జి.లో వంపును చెప్పే ఆజ్ఞ ఇదే. మీరు తెర మీద చదివే తెలుగు అక్షరాల గుండ్రటి వంపులు కూడా ఇటువంటి బిందువులతోనే నిలుస్తున్నాయి.

స్ఫుటంగా ఉన్నదంతా నిజమేనా?

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. వెక్టర్ గీత ఎంత పెద్దది చేసినా స్ఫుటంగానే ఉంటుంది. మరి దానిలో సమాచారం కూడా అంత సూక్ష్మంగా ఉంటుందా?

మన గ్రాఫులో అరగంట దగ్గర చూడండి. 1.50కీ 1.41కీ మధ్య తిన్నని గీత ఉంది కనుక అది 1.455 అని చూపుతుంది. నిజమైన వంపు మీద లెక్కకడితే 1.478 వస్తుంది. రెండు సెంటీమీటర్లకు పైగా తేడా! గీత ఎంతో స్పష్టంగా ఉంది, అయినా తప్పు చెబుతోంది.

రెండు సెంటీమీటర్లదేముంది అనుకోవచ్చు. 2004 డిసెంబరు 26ను గుర్తుచేసుకోండి. భారత కాలమానం ప్రకారం ఉదయం 6 గంటల 29 నిమిషాలకు సుమత్రా దీవి దగ్గర సముద్రం కింద భూకంపం వచ్చింది. దాదాపు రెండున్నర గంటల తరువాత సునామీ విశాఖ తీరాన్ని తాకింది. అక్కడి పోటు కొలిచే పరికరం దాన్ని నమోదు చేసింది. సునామీ అలలు పదుల నిమిషాల వ్యవధిలో లేచి పడతాయి. ఆ రోజు లెక్కలను గంటకు ఒక్కసారే తీసుకుని గ్రాఫు గీశామనుకోండి. గంటకూ గంటకూ మధ్య లేచి పడిన అలలు గ్రాఫులో ఏ జాడా లేకుండా పోవచ్చు! గీత మాత్రం నున్నగా, అందంగా ఉంటుంది.

ఒక అలను పట్టుకోవాలంటే అది ఒకసారి లేచి పడేలోపల కనీసం రెండుసార్లకు మించి కొలవాలి. అందుకే సునామీని పసిగట్టే కేంద్రాలకు నిమిషాల వ్యవధిలో తీసిన కొలతలు కావాలి. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థలో 2007 నుంచి పని చేస్తున్న సునామీ హెచ్చరిక కేంద్రం తీరంలోని పరికరాల నుంచి ఇలాంటి కొలతలు తెప్పించుకుంటుంది.

ఓడల పటాలలోనూ ఇదే నీతి. 2012 నుంచి 2018 వరకు అంచెలంచెలుగా పెద్ద ఓడలలో ఎలక్ట్రానిక్ పటాలు తప్పనిసరి అయ్యాయి. ఇవి ఎక్కువగా వెక్టర్ పటాలే. మన దేశపు సముద్రాలకు వీటిని డెహ్రాడూన్‌లోని జాతీయ జలమాపన కార్యాలయం తయారుచేస్తుంది. ఈ పటాన్ని కొలత తీసిన స్థాయికి మించి పెద్దది చేస్తే, యంత్రం తెర మీద హెచ్చరిక చూపుతుంది. "గీత నీటుగా ఉంది గాని, ఇంత సూక్ష్మంగా ఎవరూ కొలవలేదు సుమా" అని దాని అర్థం.

చిన్నది చేసి చూసినా ప్రమాదమే. తెర నిండిపోకుండా వెక్టర్ పటం చిన్న వివరాలను దాచేస్తుంది. 2014 నవంబరు 29న వెస్టాస్ విండ్ అనే పందెపు పడవ హిందూ మహాసముద్రంలో, మారిషస్‌కు ఈశాన్యంగా ఉన్న దిబ్బలను రాత్రివేళ ఢీకొంది. పటాన్ని దగ్గరగా చేసి చూసి ఉంటే ఆ దిబ్బలు కనిపించేవి. వాళ్లు చూసిన స్థాయిలో అక్కడి ప్రమాదం స్పష్టంగా కనిపించలేదు. అదృష్టవశాత్తు అందరూ ప్రాణాలతో బయటపడ్డారు.

ఏది ఎప్పుడు?

ఇంతకీ చుక్కల బొమ్మ పనికిరానిదా? అలా అనుకోకండి. నిమిషానికి ఒకసారి చొప్పున ఏడాది పొడుగునా పోటును కొలిస్తే ఎన్ని బిందువులు? 60ని 24తో, దాన్ని 365తో గుణించండి. 5,25,600! మన చుక్కల బొమ్మ మొత్తంలోనే 3,07,200 చుక్కలు ఉన్నాయి. అంటే ఇక్కడ గీతల ఆజ్ఞలే చుక్కల కంటె ఎక్కువ. అటువంటి వెక్టర్ బొమ్మను తెరవడానికే కంప్యూటరు ఆపసోపాలు పడుతుంది.

దీనికి మాట్‌ప్లాట్‌లిబ్‌లో రెండు ఉపాయాలు ఉన్నాయి. కంటికి కనిపించనంత చిన్న వంకరలను తీసివేసి బిందువులు తగ్గించడం ఒకటి. బిందువులు కిక్కిరిసిన భాగాన్ని మాత్రం చుక్కలుగా మార్చి, అక్షాలనూ అక్షరాలనూ గీతలుగానే ఉంచడం రెండోది. ఒకే బొమ్మలో రెండు పద్ధతులూ పక్కపక్కనే ఉంటాయి.

కనుక గుర్తుంచుకోవలసినది ఇది. ఫొటోలకు, లక్షల బిందువుల గుంపులకు చుక్కలు. గ్రాఫులకు, పటాలకు, యంత్రాల నమూనాలకు, అచ్చు వేసే బొమ్మలకు గీతలు. ఏ పద్ధతి వాడినా కొలత ఎంత సూక్ష్మమో బొమ్మ అంతే నిజం.

మీరే చేసి చూడండి

1. ఒక స్నేహితుడిని వీపు తిప్పి కూర్చోబెట్టండి. పై ఆజ్ఞలు పదమూడూ చదవండి. అతను గ్రాఫు కాగితం మీద గీయాలి. మూలబిందువు పైన ఎడమ మూలన అని మరచిపోకండి. తరువాత అన్ని అంకెలనూ రెండుతో గుణించి మళ్లీ గీయించండి. రెండు గీతలనూ పోల్చండి.

2. అదే గీతను 12 గడుల వెడల్పు, 10 గడుల ఎత్తు ఉన్న చదరంలో, గీత తగిలిన గడులను నలుపు చేసి గీయండి. దాన్ని రెండు రెట్లు పెద్దది చేయడానికి ప్రయత్నించండి. ఏం జరిగింది?

3. కాలువ లోతు పటం ప్రకారం 10 మీటర్లు. నీటిమట్టం దానికి కలుస్తుంది. ఒక ఊహా ఓడకు జాగ్రత్తతో సహా 11 మీటర్ల నీరు కావాలి. మన పట్టిక ప్రకారం పోటు వచ్చాక ఎంతసేపటిలోగా అది లోపలికి రావాలి?

4. బడిలో కంప్యూటరు ఉంటే ఒకే గ్రాఫును పి.ఎన్.జి.గా, ఎస్.వి.జి.గా దాచండి. ఎస్.వి.జి.ని పాఠంగా తెరిచి "కదులు", "గీయి" ఆజ్ఞలను వెతకండి. లోపలి అంకెలు మన అంకెలు కావు. పాయింట్లలోకి మారి ఉంటాయి. ఏ లెక్కతో మారాయో కనిపెట్టగలరా?

మూడో ప్రశ్నకు జవాబు: నీటిమట్టం 1 మీటరుకు తగ్గకూడదు. 2వ గంటకు 1.17, 3వ గంటకు 0.84. తగ్గుదల గంటలో 0.33. మనకు 0.17 వరకు తగ్గవచ్చు. 0.17ను 0.33తో భాగిస్తే సుమారు 0.52 గంట, అంటే 31 నిమిషాలు. కనుక పోటు వచ్చిన 2 గంటల 31 నిమిషాలలోపు ఓడ లోపలికి రావాలి. అసలు వంపుతో లెక్కకట్టినా 2 గంటల 32 నిమిషాలే వస్తుంది. ఇక్కడ తిన్నని గీత మనల్ని మోసగించలేదు. అరగంట దగ్గర ఎందుకు మోసగించింది, ఇక్కడ ఎందుకు మోసగించలేదు? గ్రాఫు ముందు పెట్టుకుని, వంపు ఎక్కడ ఎక్కువో చూసి ఆలోచించండి.